చరిత్రమా, పోలీసు చిట్టాయా?

తిరుపతి రైలుస్టేషనులో దిగిన యాత్రికుని చెవిని మొదట సోకునది గోవిందనామము. రెండవది "మీ సామానులు భద్రము" అను మైకు హెచ్చరిక. ఈ రెండు ధ్వనుల నడుమ ఇరువది యేండ్లుగా పంతులుపని చేయుచున్న మాకు మొదటిదానిని గూర్చి చెప్పువారు వీధికి పదుగురు దొరకుచున్నారు. రెండవదాని చరిత్ర యేమో చెప్పువారు ఒక్కరును దొరకలేదు. దినమునకు 60, 70 వేలమంది అపరిచితులు వచ్చి పోవు ఊరిలో, ఒకరి ముఖము ఒకరెఱుగని గుంపులో, మొలలోని మూట ఎప్పటినుండి పోవుచున్నది? ఎడ్లబండ్లపై దినముల తరబడి యాత్ర సాగిన కాలమున దొంగ దారిలో పొంచియుండెను. రైలు వచ్చిన పిమ్మట వాడు స్టేషనునకును సత్రమునకును ఎట్లు మారెను? దొంగసొమ్ము కొనువా డెవడు? దానిని కరగించు కొలిమి ఎవరి యింట మండుచుండెను? నగరము పెరిగినకొలది ఏ నేరము పెరుగును, ఏది తరుగును? ఈ ప్రశ్నలలో సగమునకు జవాబు చెప్పు గ్రంథము దొరకినను చాలునని మేము చిరకాలము వెదకితిమి.

తుదకు ఒకటి దొరకినది. మద్రాసు పోలీసు అధికారియైన ఎం. పాపారావు నాయుడుగారు ఇంగ్లీషున వ్రాసిన 'రైలుదొంగల చరిత్రము'. మాకు లభించినది 1915లో మద్రాసు హిగ్గిన్‌బాదమ్స్ వారు ప్రకటించిన నాలుగవ కూర్పు. పేరులో చరిత్రము అను మాట ఉన్నది, వ్రాసినవాడు పరదేశి కాడు, విషయము రైలు. మన జిల్లాకు నగరమను వస్తువును తెచ్చినదే రైలు గదా. ఆశ పెట్టుకొనుటకు ఇంతకంటె నేమి కావలెను? రెండు రాత్రులు చదివితిమి. మూడవనాడు మూసితిమి.

నిజము చెప్పవలెనన్న, గ్రంథకర్త మమ్ము మోసగింపలేదు. 'చిత్రములతోను, నేరస్థులను కనిపెట్టు సూచనలతోను' అని అట్టమీదనే అచ్చువేయించినాడు. మేమే ముందటి మాటకు మురిసి వెనుకటి మాటను విడిచితిమి. లోపల మేము వెదకిన కాలక్రమము లేదు, మేము వెదకిన ఊరును లేదు. ఉన్నది కులముల వరుస. కొరవలు, ఎరుకలు, దొంగదాసరులు, కేపుమారులు: వారి వేష మెట్టిది, పనిముట్టు లెట్టివి, తమలో తాము మాటలాడు సంకేతభాష ఎట్టిది, ఏ శకునము చూచి బయలుదేరుదురు, ఎట్లు పట్టుకొనవలెను. వృక్షశాస్త్రపు పుస్తకమున ఆకు ఆకారమును కాయ రుచిని వర్ణించినట్లు మనుష్యులను వర్ణించినారు. దొంగదాసరి యను పేరునే చూడుడు. తిరుపతి వేంకటేశ్వరుని పేరు చెప్పుకొని ఇంటింట పాడి అడుగుకొను దాసరికి ముందు 'దొంగ' అను రెండక్షరములు చేర్చిన తరువాత విచారణ యేమి మిగిలెను? తీర్పు పేరులోనే యున్నది.

చరిత్ర యనగా 'అప్పుడు ఇట్లుండెను, ఇందుచేత ఇట్లాయెను' అని చెప్పునది. ఈ గ్రంథమున 'అప్పుడు' కొఱత, 'ఇందుచేత' అంతకంటె కొఱత. వీడేల దొంగిలించెననిన, దొంగకులమున పుట్టెను గనుక. అది దొంగకులమని ఎట్లు తెలిసెననిన, అందు దొంగలున్నారు గనుక. తర్కమున దీనిని అన్యోన్యాశ్రయ దోషమందురు. మా తొమ్మిదవ తరగతి పిల్లవాడు వ్యాసమున ఇట్లు వ్రాసిన ఎఱ్ఱసిరాతో గీత గీయుదుము. పోలీసు అధికారి వ్రాసినప్పుడు నాలుగు కూర్పులు అమ్ముడుపోయినవి!

ఇది నూరేండ్లనాటి పుస్తకము, దీనిపై ఇప్పుడు ఇంత కోపమేల యని చదువరులు అడుగవచ్చును. మేమును అట్లే తలచి దీనిని అలమారలో పెట్టియుందుము. కాని గత సంవత్సరము మేము పనిచేయు బడిలో జరిగిన చిన్న సంగతి మమ్ము విడువలేదు.

విహారయాత్రకని ఒక బాలిక తెచ్చిన ఆరువందల రూపాయలు మధ్యాహ్నపు విరామములో కనబడకపోయినవి. మా సహోపాధ్యాయుడు తరగతిలోనికి వచ్చి "ఎవరు తీసినారు?" అని గద్దించెను. ఒక్క క్షణము నిశ్శబ్దము. ఆ వెంటనే వెనుక వరుసనుండి మూడు కంఠములు ఒక్కసారిగా "సార్, వాని బ్యాగు చూడండి సార్" అనినవి. 'వాడు' ఎవడో ఎవ్వరును చెప్పలేదు, ఎవ్వరును అడుగలేదు. ఊరి చివర బుట్టలల్లుకొని బ్రదుకు ఎరుకల ఇండ్లనుండి మా బడికి వచ్చువాడు ఒక్కడే. ఆ బాలిక కూర్చుండు బల్ల దరికి వాడు పోయినట్లు చూచినవారు లేరు. అయినను వాని సంచిని బోర్లించిరి. అందుండి నాలుగు నోటుపుస్తకములు, ఒక స్టీలు పళ్ళెము, తోక తెగిన గాలిపటము పడినవి. వాడు "నేను తీయలే సార్" అని ఒక్కమాట యని, పుస్తకములు ఏరుకొని, తిరిగి కూర్చుండెను. సాయంకాలమునకు ఆ డబ్బు ఆ బాలిక సాంఘికశాస్త్ర పుస్తకమునకు వేసిన అట్టలోననే దొరకెను. ఎవ్వరును వానికి క్షమార్పణ చెప్పలేదు. మేము పక్కగదిలో లేము. ఆ గదిలోనే, గుమ్మము దగ్గర నిలిచియుంటిమి. పిల్లలు 'వాని బ్యాగు' అనినప్పుడు మా చూపును మొదట పోయినది ఆ బాలునివైపే. దీనిని మేమెవ్వరిమీదను త్రోయజాలము.

వాడు నాలుగు దినములు బడికి రాలేదు. ఐదవనాడు మేము వాని యింటికి పోతిమి. వాని అవ్వ గుడిసెముందు కూర్చుండి వెదురుబద్దలు చీల్చుచుండెను. బిడ్డను పంపుడని మేము వేడుకొనగా ఆమె పంపెదననియే చెప్పెను; నిష్ఠురము లేమియు పలుకలేదు. మాటలలో "మేం ఉప్పెరుకలోళ్ళం అయివారూ" అనెను. బుట్టలల్లువారికి ఆ పేరేమని మేమడిగితిమి.

"తాతల కాలంలో మావాళ్ళు గాడిదల మింద ఉప్పు తోలేవాళ్ళంట నాయనా. సముద్రం పక్కనించి పైకి ఉప్పు, పైనించి కిందికి గింజలు."

"మరి ఆ వ్యాపార మేమైందవ్వా?"

"రైలొచ్చినంక గాడిద ఉప్పు ఎవురు కొంటారు నాయనా!"

చదువు రాని ఆ ముసలమ్మ రెండు మాటలలో చెప్పినదే మేము రెండు రాత్రులు పాపారావు నాయుడుగారి గ్రంథమున వెదకినది. రైలుదొంగల చరిత్ర వ్రాయబూనినవాడు రైలు రాకముందు వారేమి చేయుచుండిరని అడుగవలదా? ఈ ప్రశ్నకు జవాబు వారి శాఖల పేర్లలోనే యున్నది. ఉప్పు మోసినవారు ఉప్పు ఎరుకలు. కరివేపాకు అమ్మినవారు కరివేపాకు ఎరుకలు. వెదురుదబ్బలతో తట్టలు, గంపలు అల్లినవారు దబ్బ ఎరుకలు. సాలెవాండ్రు నూలునకు గంజిపెట్టుటకు వాడు కుంచెలు కట్టినవారు కుంచె ఎరుకలు. ఒక దేశపు వర్తకమార్గముల పటమంతయు ఒక జాతి ఇంటిపేర్లలో నిలిచియుండగా, దొరతనపువా రా పేర్లను వ్రాసికొనిరి గాని, ఆ ఉప్పు ఎక్కడికి పోయెనని అడిగినవారు అరుదు.

ఎక్కడికి పోయెనో చెప్పెదము. మద్రాసు రాజధానిలో 1805 మొదలు ఉప్పు సర్కారు గుత్త. అయినను కొఠారులలో కొన్న ఉప్పును ఘాటులు దాటించి, బండి పోని పల్లెలకు చేర్చుటకు గాడిద కావలసియుండెను. గాడిదవెంట ఎరుకలవాడు కావలసియుండెను. తిరుగుదారిలో వాడు ధాన్యము, చింతపండు, మిరపకాయలు దించుకొని వచ్చుచుండెను. మన రాయలసీమ వంటి మెట్టదేశమున పల్లెకు సంతయు, సంతకు పల్లెయు వాడే. 1871లో మద్రాసునుండి రేణిగుంట, కడప, గుత్తి మీదుగా పోయిన ఇనుపదారి రాయచూరువద్ద బొంబాయి దారితో కలిసినది. నూరు గాడిదలు నెలకు మోయు ఉప్పును ఒక్క రైలుపెట్టె రెండు దినములలో దించెను. పిమ్మట 1876 మొదలు 1878 వఱకు ధాత, ఈశ్వర సంవత్సరముల కరవు. 'ధాత కరువు' అనిన నేటికిని మా సీమలో ముసలివారు తలయూపుదురు. మోయుటకు గింజలు లేవు. మోయు పశువులు చచ్చినవి. 1882లో మద్రాసు అటవీచట్టము వచ్చి, వెదురునకు, ఈతాకునకు, మేతకు పోవుచున్న అడవి సర్కారు అడవియైనది. పండ్రెండేండ్లలో దారి పోయెను, పశువు పోయెను, అడవి పోయెను. ఇంకను ఊరూర తిరుగు మనుష్యులు మాత్రము మిగిలిరి. తిరుగుటకు కారణము పోయిన పిమ్మట తిరుగువానిని చూచి సర్కారు "వీడేల తిరుగుచున్నాడు?" అని అడిగెను.

ఈ సంగతులను దస్తావేజులనుండి వెలికి తీసి 2001లో మీనా రాధాకృష్ణగారు 'చరిత్రచేత అవమానితులు' అను అర్థమిచ్చు పేరుతో ఇంగ్లీషున ఒక గ్రంథము ప్రకటించిరి. కొరవ-ఎరుకల వర్తకమును రైళ్ళును ఉప్పువిధానమును ఎట్లు దెబ్బతీసినవో అందు చూడవచ్చును. మా కోరిక తీర్చిన పుస్తకము అదియే యని ఒప్పుకొనవలెను; కాని అది మా జిల్లా బడుల అలమారలలో మాకు కనబడలేదు. కనబడునది మాత్రము థర్‌స్టన్ దొర సంపుటములనుండి ఎత్తి వ్రాసిన వ్యాసములు. ఆ దొర 1909లో ఏడు సంపుటములుగా ప్రకటించిన 'దక్షిణహిందూదేశపు కులములు, తెగలు' అను గ్రంథమున పాపారావు నాయుడుగారి వంటి పోలీసువారి వ్రాతలు ప్రమాణములైనవి. ఠాణాలోని చిట్టా పండితుని గ్రంథమాయెను. పండితుని గ్రంథము పత్రికలో వ్యాసమాయెను. పత్రికావ్యాసము ఉపాధ్యాయుల గదిలో లోకజ్ఞానమాయెను. వెనుక వరుసనుండి వచ్చిన ఆ మూడు కంఠములు ఎక్కడ నేర్చినవో మేము వేరుగ వెదక నక్కరలేదు.

"అయితే వారు దొంగతనము చేయనే లేదందురా?" అని మా సహోపాధ్యాయుడే మమ్మడిగెను. చేయలేదని మేమనము. ముఠాలు కట్టి రైళ్ళలో మూటలు కొట్టినవారు ఉండిరి. పాపారావు నాయుడుగారు ఉద్యోగధర్మముగా చూచినది చూచినట్లు వ్రాసియుందురు. కానిస్టేబులునకు కావలసినది కారణము కాదు, ఆనవాలు. ఆ మేరకు ఆయన తన పని తాను చేసినాడు. మా తగవు ఆయన శ్రద్ధతో కాదు, ఆ శ్రద్ధకు తగిలించిన చరిత్ర అను పేరుతో. కొందఱు చేసినదానిని అందఱి పుట్టుకకు అంటగట్టి, నిన్న మొన్న వచ్చిన దుర్గతిని అనాదియైన స్వభావ మనుట అబద్ధము. అది శాస్త్రవేషము వేసికొన్నప్పుడు మరింత అపాయకరము.

దొంగను గూర్చి వ్రాయుట మనకు క్రొత్త కాదు. శూద్రకుని మృచ్ఛకటికమున గోడకు కన్నము వేయు శర్విలకుడు బ్రాహ్మణుడు. కొలత్రాడు మఱచివచ్చి జంధ్యముతోనే గోడ కొలుచును. వసంతసేన దాసియైన మదనికను విడిపించుటకు సొమ్ము కావలెను, కావున దొంగయైనాడు. నాటకకర్త కారణము చెప్పినాడు, తరువాత మనము నవ్వుకొందుమో జాలిపడుదుమో మన యిష్టము. దండి దశకుమారచరితమున అపహారవర్మ చంపానగరమున దూరును. అచ్చటి జూదశాల, వేశ్యావాటిక, పిసినిగొట్టు ధనికులు అన్నియు కన్నులకు కట్టును; నగరచౌర్యమునకు నగరమే భూమియని చదువరికి వేరుగ చెప్పనక్కరలేదు. మన కేతన పదుమూడవ శతాబ్దముననే దానిని తెనిగించి అభినవదండి యనిపించుకొనెను. కౌటిల్యుడో, దయాదాక్షిణ్యములకు పేరుమోసినవాడు కాడు. అయినను అర్థశాస్త్రమున కంటకశోధనమను నాలుగవ అధికరణమును అతడు ప్రారంభించినది తిరుగుబోతు జాతులతో కాదు. సరకులో మోసముచేయు పనివారితో, తప్పుడు తూకములు తూచు వర్తకులతో. దొంగలని పేరులేని దొంగలు వీరే యని అతని యభిప్రాయము. అనుమానింపదగినవారి పట్టికయు అతడు వ్రాసెను. ఊరు, పేరు, వృత్తి మాటిమాటికి మార్చువాడు, వచ్చుబడికి మించి వ్యయము చేయువాడు అట్టివారు అందుందురు. నడతనుబట్టి అనుమానము, పుట్టుకనుబట్టి కాదు. రెండువేల యేండ్లనాటి గూఢచారుల గురువునకు తట్టిన భేదము ఇరువదవ శతాబ్దపు అధికారికి తట్టకుండుట వింత. లేదా, తట్టనీయని చట్టము ఆయన చేతిలో నుండెనేమో.

ఆ చట్టమును గూర్చి రెండు మాటలు చెప్పవలెను. నేరస్థజాతుల చట్టము 1871లో ఉత్తరదేశమున పుట్టినది. ఇనుపదారులు రాయచూరువద్ద కలిసిన సంవత్సరమే. 1911లో దానిని సవరించి మద్రాసునకును వర్తింపజేసిరి. మన చిత్తూరు జిల్లా ఏర్పడినదియు ఆ సంవత్సరముననే. 1924లో మరల కూర్చిరి. దాని సారమిది: ఏదైన ఒక జాతి నేరస్థజాతి యని ప్రభుత్వము ప్రకటింపవచ్చును, ఆ ప్రకటన తప్పని న్యాయస్థానమున వాదించుటకు వీలులేదు. ఆ జాతిలో పుట్టినవాడు పేరు నమోదు చేయించుకొని, వ్రేలిముద్రలిచ్చి, ఆజ్ఞ అయిన హాజరు చెప్పుకొని, ఊరు దాటవలెనన్న తెలుపుకొని పోవలెను. నేరము చేసినందుకు కాదు, చేయవచ్చునని. కుటుంబములను సెటిల్‌మెంట్లలో చేర్చిరి. బాపట్లకు దగ్గర 1913లో సాల్వేషన్ ఆర్మీ వారి యాజమాన్యమున వెలసిన స్టూవర్టుపురము అట్టిది. హెరాల్డ్ స్టూవర్టు దొర పేరుతో ఏర్పడిన ఊరు! అచ్చటివారి చెమట చీరాల పొగాకు కార్ఖానాకు చౌకకూలీగా ఉపయోగపడెను. నెల్లూరుసీమలో కావలి, కర్నూలుసీమలో సిద్ధాపురము మరి రెండు. ఎరుకలవాడు తిరిగినప్పుడు నేరస్థుడు. కంచెలోపల కూలిచేసినప్పుడు సంస్కృతుడు. ఈ సంస్కారమువలన ఎవరికి లాభమో లెక్క వేసిన పుస్తకము మాకింకను కనబడలేదు.

ఎరుకల స్త్రీ సోదె చెప్పుచు ఇంటింటికి పోవుట కన్నము వేయదగిన ఇండ్లను కనిపెట్టుటకే యని ఆ కాలపు పోలీసు వ్రాతలలో పరిపాటి. ఇది చదివినప్పుడు మాకు నవ్వు వచ్చెను, వెంటనే సిగ్గును వచ్చెను. ఏలనన, మా జిల్లాలో ప్రతి బిడ్డయు తల్లి ఒడిలో విను కథ ఒకటి కలదు. పుత్తూరు దగ్గరి నారాయణవనమున ఆకాశరాజు కుమార్తె పద్మావతి దిగులుతో మంచము పట్టగా, ఏడుకొండలవాడు గద్దె బుట్ట చంకనబెట్టుకొని ఎరుకలసానియై రాజగృహమునకు పోయి ఎరుక చెప్పినాడు. లోకమునకు దేవుడైనవాడు ధరించుటకు తగిన వేషము, ఠాణా పుస్తకమున దొంగలు ధరించు వేషమైనది! ఏటేట శ్రీనివాసకల్యాణము చేయించి ఆ కథ విని కన్నీరు పెట్టుకొనువారే, గుమ్మములో నిజమైన ఎరుకలసాని నిలిచిన గొళ్ళెము వేయుదురు. వైష్ణవాలయములలో తిరుమంగై ఆళ్వారు విగ్రహమునకు హారతి ఇచ్చునపుడు, దారిదోపిడి చేసి భాగవతులకు అన్నము పెట్టినవాడని ఆయన కథ సగర్వముగ చెప్పుకొందుము. ఆయన పుట్టినది 1871కి ముందు గనుక బ్రదికిపోయినాడు.

ఈ చట్టమునకు మద్రాసు ప్రభుత్వము 1947లో స్వస్తి చెప్పినది. దేశమంతట దాని సంగతి విచారించుటకు 1949లో కేంద్రప్రభుత్వము ఒక సంఘమును నియమించెను. దాని అధ్యక్షుడు మన తిరుచానూరున 1891లో పుట్టి, చిత్తూరున న్యాయవాదియై, తరువాత లోక్‌సభకు అధ్యక్షుడైన మాడభూషి అనంతశయనం అయ్యంగారు. జాతినిబట్టి కాక, మాటిమాటికి నేరము చేసిన వ్యక్తినిబట్టి మాత్రమే చట్టముండవలెనని, ఈ చట్టమును రద్దుచేయవలెనని ఆ సంఘము చెప్పినది. 1952 ఆగస్టు 31న అది రద్దయ్యెను. ఆ స్థానమున నిలిచిన అలవాటు నేరస్థుల చట్టములు పాత పనినే క్రొత్తపేరుతో కొంత సాగించిన వనుట నిజము. ఆ లోపమును మేము దాచము. అయినను తిరుపతిలో చదువుకొను బాలునికి, పాపారావు నాయుడుగారు చూచిన దానికి ఎదుటి పక్షము తన పొరుగూరివాడే చూచెనని ఎవరు చెప్పిరి? అయ్యంగారి పేరు సభాపతుల పట్టికలో బట్టీపట్టింతుము. ఆయన అధ్యక్షత వహించిన ఈ పనిని చెప్పము. మేమును చెప్పలేదు, మాకే తెలియదు.

చట్టము పోయినను చిట్టా పోలేదు. స్టూవర్టుపురము పేరు తెలుగువానికి నేటికిని గుర్తుచేయునది పొగాకు కూలీని కాదు, దొంగను. 1991లోను 2023లోను ఆ పేరుతోను ఆ ఊరి దొంగ కథతోను చలనచిత్రములు వచ్చినవి, జనులు చూచిరి. 2024 అక్టోబరు 3న సుప్రీముకోర్టు కారాగారముల నిబంధనలలో కులమునుబట్టి పనులు పంచుట చెల్లదని తీర్పు చెప్పుచు, విముక్తజాతులవారిని పుట్టుకచేతనే అలవాటు నేరస్థులుగా చూచు నిబంధనలను కూడ తప్పుపట్టెను. రద్దయిన డెబ్బది రెండేండ్లకు! ఆ వార్త మా ఉపాధ్యాయుల గదిలో ఎవ్వరును చదివినట్లు లేదు.

నగరనేరమను మాటకు మా ఊరిలో నేడు అర్థమేమి? శేషాచలపు ఎఱ్ఱచందనము కొండ దిగి, బండ్లెక్కి, ఓడలెక్కి విదేశములకు పోవుచున్నది. 2015 ఏప్రిల్ 7న చంద్రగిరి ప్రాంతపు అడవిలో టాస్కుఫోర్సు కాల్పులలో చనిపోయిన ఇరువదిమందియు తమిళనాటినుండి వచ్చిన కూలీలు. గొడ్డలి పట్టినవాని ఊరు, పేరు, కులము మఱునాటి పత్రికలలో వచ్చినవి. దుంగను కొన్నవాని కులమును ఏ పత్రికయైన వ్రాసినదా? వ్రాయవలెనని మేము కోరుట లేదు. ఒకనికి వ్రాసి ఒకనికి వ్రాయనప్పుడు ఆ వ్రాతకు మూలమైన పుస్తక మేదో మాత్రము గుర్తుపట్టుచున్నాము. దొంగసొమ్ము కొనువా డెవడని మేము మొదట అడిగిన ప్రశ్నకు 1915 నాటి గ్రంథమున జవాబు లేదు. నేటి పత్రికలలోను అరుదు.

మాకు తోచిన పనులు రెండు. పాతపుస్తకములను ఉన్నవి ఉన్నట్లు మరల అచ్చువేసి చరిత్ర యని అమ్మువారు 'రైలుదొంగల చరిత్రము' వంటివాటికి పీఠిక వ్రాయింపవలెను. అందు ఉప్పుగుత్త, ధాతకరువు, 1871, 1911, 1952 అను అంకెలు ఉండవలెను, తిరుచానూరి అయ్యంగారి పేరుండవలెను. తగులబెట్టవలెనని మేమనము, దస్తావేజుగా దానికి విలువ కలదు. రెండవది మా వంతు. ఈ ఏడు ఎనిమిదవ తరగతిలో రైలుమార్గముల పాఠము వచ్చినప్పుడు, పుస్తకములోని లాభముల పట్టిక ముగిసిన తరువాత, ఉప్పు గాడిదల సంగతి నల్లబల్లపై వ్రాసితిమి. ఆ బాలు డిప్పుడు ఆ తరగతిలోనే, కిటికీ పక్క బల్లమీద కూర్చుండుచున్నాడు. పాఠము ముగిసినంతనే వాడు చేయి ఎత్తి, గాడిద ఎన్ని పడుల ఉప్పు మోయునని అడిగెను. మాకు తెలియదనియు, వాని అవ్వనే అడిగి రేపు చెప్పుమనియు అంటిమి.